కారు కంటే ముందు పార్కింగ్ గోడ చూడండి

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది ఇంజన్ మోత వింటే చాలు, ఏ బండో చెప్పేస్తారు. అలాంటివాళ్లు ఎలక్ట్రిక్ కారు కొనాలా వద్దా అని ఆలోచించేటప్పుడు మాటలన్నీ కారు చుట్టూనే తిరుగుతాయి. వంద కిలోమీటర్ల వేగానికి ఎన్ని సెకన్లు, బరువెంత, స్టీరింగ్ చేతికి ఏం చెబుతోంది, ఇవే. ఈరోజు కారు గురించి కొంచెమే మాట్లాడతాను. ఎక్కువసేపు మీ మీటరు బోర్డు నుంచి పార్కింగ్ దాకా వచ్చే వైరు గురించి మాట్లాడతాను. ఆ వైరు సరిగ్గా ఉంటే మీ దగ్గర ఏ ఎలక్ట్రిక్ కారున్నా బాగుంటుంది. అది సరిగ్గా లేకపోతే కోటిన్నర పెట్టి కొన్న కారు కూడా తెల్లారేసరికి చార్జ్ ఎక్కకుండా నిలబడి ఉంటుంది.

కారు సంగతి ముందు ముగిద్దాం. వేగం గురించి ఇక వాదన అక్కర్లేదు. మన దేశంలో 2024లో వచ్చిన బీవైడీ సీల్ పెర్ఫార్మెన్స్ 530 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) శక్తితో 3.8 సెకన్లలో వంద అందుకుంటుంది. 2025లో వచ్చిన ఎంజీ సైబర్‌స్టర్ రెండు సీట్ల ఓపెన్ టాప్ కారు, 510 పీఎస్, 3.2 సెకన్లు. పోర్షే టైకాన్ అయితే వెనక ఇరుసుకి రెండు గేర్ల గేర్‌బాక్సు పెట్టి, 800 వోల్టుల బ్యాటరీతో మొదటినుంచీ స్పోర్ట్స్ కారుగానే తయారైంది. తేడా అంతా బరువులో తెలుస్తుంది. పోర్షే వాళ్లదే పెట్రోల్ కారు 911 కరేరా ఎస్ సుమారు 1,500 కిలోలు, టైకాన్ టర్బో ఎస్ దాదాపు 2,300 కిలోలు. ఎయిర్ సస్పెన్షను, వెనక చక్రాల స్టీరింగు కలిసి ఆ బరువును బాగా దాచిపెడతాయి. కానీ మలుపులో బ్రేక్ ఆలస్యంగా కొట్టినప్పుడు ఆ ఎనిమిది వందల కిలోలు టైర్ల మీదే పడతాయి. టైర్లు తొందరగా అరుగుతాయని లెక్కలో వేసుకోండి.

రేస్ ట్రాక్ మీదికి తీసుకెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క మాట. మామూలు రోడ్డు మీద వంద కిలోమీటర్లకి 20 యూనిట్లు తినే కారు, ట్రాక్ మీద దానికి మూడు నాలుగు రెట్లు తింటుంది. బ్యాటరీ అయిపోవడం కంటే ముందు బ్యాటరీ, మోటార్లు వేడెక్కి, కారు తనంతట తనే పవర్ తగ్గించేస్తుంది. మన ఎండల్లో అది ఇంకా ముందే వస్తుంది. కాబట్టి ట్రాక్ డేలే మీ ప్రాణమైతే పెట్రోల్ బండి అమ్మకండి. వారం అంతా ఆఫీసుకి, అవుటర్ రింగ్ రోడ్డుకి, ఆదివారం ఘాట్ రోడ్డుకి అయితే ఎలక్ట్రిక్ కారు చాలా హాయిగా ఉంటుంది. ఇది నా స్థిరమైన అభిప్రాయం.

ఇక ఇంటి చార్జింగు.

ముందు మీ అవసరం ఎంతో లెక్క కట్టండి. రోజుకి 40 కిలోమీటర్లు తిరిగితే, యూనిట్‌కి 5 కిలోమీటర్ల లెక్కన 8 యూనిట్లు కావాలి. చార్జింగులో పదో పన్నెండో శాతం వేడిగా పోతుంది. అంటే గోడలోంచి 9 యూనిట్లు లాగాలి. కారుతో ఇచ్చే పోర్టబుల్ చార్జరు సుమారు 3.3 కిలోవాట్లది. మూడు గంటల్లో పని అయిపోతుంది. రాత్రంతా పది గంటలు పెడితే 145 కిలోమీటర్లకి సరిపడా ఎక్కుతుంది. మీలో చాలామందికి లెక్క ప్రకారం ఇదే చాలు.

అయితే శనివారం రాత్రి 20 శాతంతో ఇంటికొచ్చి, ఆదివారం తెల్లవారుజామున 80 శాతంతో బయల్దేరాలంటే లెక్క మారుతుంది. సీల్‌లో ఉన్న 82.56 యూనిట్ల బ్యాటరీలో అరవై శాతం అంటే దాదాపు 50 యూనిట్లు. 3.3 కిలోవాట్లతో పదిహేడు గంటలు పడుతుంది. 7.4 కిలోవాట్లతో ఏడున్నర గంటలు. వారాంతంలో గట్టిగా తిరిగేవాళ్లు 7.4 పెట్టించుకోవాలి అనేది అందుకే.

11, 22 కిలోవాట్ల చార్జర్ల గురించి చాలామంది అడుగుతారు. గోడకి తగిలించే పెట్టెని మనం చార్జర్ అంటాం కానీ అది చేసేది ప్రధానంగా కరెంటుని సురక్షితంగా అందించడం. ఏసీని డీసీగా మార్చే అసలు చార్జరు కారు లోపల ఉంటుంది. దాని సామర్థ్యం 7 కిలోవాట్లయితే గోడ మీద 22 పెట్టినా 7 మాత్రమే వస్తుంది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు ఉంటుంది. టైకాన్‌లో 11 మామూలుగా వస్తుంది, 22 డబ్బు కట్టి తీసుకోవాలి. కియా ఈవీ6లో 11. ఆ 11 అనేది కూడా మూడు ఫేజులూ ఇస్తేనే. ఒక్కో ఫేజు మీద 16 ఆంపియర్లు, మూడు కలిపితే 11 కిలోవాట్లు. సింగిల్ ఫేజ్ ఇస్తే కొన్ని కార్లు 32 ఆంపియర్లు తీసుకుని 7 పైన చేరతాయి, కొన్ని 16 దగ్గరే ఆగి 3.7 దాటవు. బుక్ చేసే ముందు షోరూమ్‌లో అడగాల్సిన ప్రశ్న ఇది: సింగిల్ ఫేజులో ఈ కారు ఎన్ని ఆంపియర్లు తీసుకుంటుంది? సమాధానం కాగితం మీద తీసుకోండి.

ఇప్పుడు మీ కరెంటు బిల్లు తీయండి. దాని మీద కాంట్రాక్టెడ్ లోడ్ అని ఒక అంకె ఉంటుంది, అంటే మీ ఇంటికి మంజూరైన గరిష్ఠ లోడ్. 5 కిలోవాట్లున్న ఇంట్లో వేసవి రాత్రి రెండు ఏసీలు నడుస్తుంటే మూడు కిలోవాట్లు, పొద్దున గీజరు రెండు, దాని మీద కారు 7.4. లోడ్ పెంచుకోక తప్పదు. తెలంగాణలో టీజీఎస్‌పీడీసీఎల్, టీజీఎన్‌పీడీసీఎల్, ఆంధ్రలో ఈపీడీసీఎల్, సీపీడీసీఎల్, ఎస్‌పీడీసీఎల్, మీది ఏదైతే అక్కడ దరఖాస్తు పెట్టి, కిలోవాటుకి ఇంత అని డెవలప్‌మెంట్ చార్జీలు, డిపాజిట్ కడితే పెంచుతారు. కారు డెలివరీకి ముందే ఈ పని పెట్టుకోండి.

త్రీ ఫేజ్ ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా వినాలి. 10 కిలోవాట్ల త్రీ ఫేజ్ కనెక్షన్ అంటే ఒక్కో ఫేజుకి 14 ఆంపియర్లు మాత్రమే. దాంట్లో ఒక ఫేజు మీద 32 ఆంపియర్ల చార్జరు తగిలించారనుకోండి. ఆ ఫేజు ఒక్కటే తన వాటాకి రెండింతల పైన మోస్తుంది. మిగతా రెండు ఖాళీగా ఉంటాయి. ఫేజుల మీద బరువు సమానంగా లేకపోతే ఆ తేడా అంతా న్యూట్రల్ మీదుగా పోతుంది. పాత ఇళ్లలో న్యూట్రల్ జాయింటు ఎక్కడో వదులుగా ఉంటుంది. అది గంటలకొద్దీ వేడెక్కి తెగిపోతే, బరువు తక్కువున్న ఫేజుల మీద వోల్టేజీ 300 దాటిపోతుంది. టీవీ, ఫ్రిజ్, రౌటర్ ఒక్కసారే కాలిపోతాయి. అందుకని త్రీ ఫేజ్ ఇంట్లో, మీ కారు మూడు ఫేజులూ తీసుకోగలిగేదైతే, 16 ఆంపియర్ల త్రీ ఫేజ్ చార్జరు పెట్టించడమే మంచిది. లేదా ఇంటి మెయిన్ వైరు మీద కరెంటు కొలిచే క్లాంపు పెట్టి, ఇంట్లో వాడకం పెరిగినప్పుడు కారుకిచ్చే కరెంటు తనే తగ్గించే చార్జరు కొనండి. ధర ఎక్కువే కానీ లోడ్ పెంచలేని అపార్టుమెంట్లలో దాని విలువ తెలుస్తుంది.

వైరు దగ్గరికొద్దాం. 7.4 కిలోవాట్లు అంటే 32 ఆంపియర్లు, గంటలకొద్దీ ఆగకుండా. బోర్డు నుంచి పార్కింగ్ దాకా 30 మీటర్లు ఉందనుకుంటే, పోను రాను కలిపి 60 మీటర్ల రాగి. 4 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే దాంట్లోనే తొమ్మిదిన్నర వోల్టులు పడిపోతాయి, 300 వాట్లు వేడిగా గోడలో కలుస్తాయి. 6 వేస్తే ఆరు వోల్టుల పైన, 200 వాట్లు. 10 వేస్తే నాలుగు వోల్టుల లోపు, 117 వాట్లు. ఎలక్ట్రీషియన్లు మామూలుగా 6 చాలంటారు. పది మీటర్లలో అయిపోయే పనికి, గోడ మీద బయటికి తీసుకెళ్లే పైపులో అయితే సరే. దూరం ఎక్కువైతే, పైపు గోడ లోపల ఉంటే, మే నెలలో మన గోడల వేడి కూడా కలిపి చూస్తే 10 వేయించండి. దాని ముందు 40 ఆంపియర్ల, సి కర్వ్, డబుల్ పోల్ ఎమ్‌సీబీ, అంటే లోడు మించితే తనే పడిపోయే స్విచ్చు. సరిగ్గా 32 పెడితే అది ఎప్పుడూ అంచు మీదే ఉండి, ఎండాకాలం అర్ధరాత్రి పడిపోతుంది. మెయిన్ బోర్డులో పాత అల్యూమినియం వైరుంటే దాన్ని నేరుగా రాగి వైరుకి మెలిపెట్టి చుట్టనివ్వకండి. ఆ రెండు లోహాల జాయింటు కొన్ని నెలల్లో తుప్పెక్కి వదులవుతుంది. రెండు లోహాలనీ కలపడానికే చేసిన బైమెటాలిక్ లగ్గు అడగండి.

సాకెట్ గురించి ఇంకా గట్టిగా చెప్పాలి, ఇళ్లలో ఎక్కువగా కాలేది అదే. గీజరు నడిచే 16 ఆంపియర్ల సాకెట్‌లోనే పోర్టబుల్ చార్జరు పెడతారు. గీజరు పదిహేను నిమిషాలు లాగి ఆగిపోతుంది. కారు ఎనిమిది గంటలు అదే కరెంటు లాగుతుంది. సాకెట్ లోపలి ఇత్తడి పట్టు కొంచెం వదులై, అక్కడ ఓమ్‌లో పదో వంతు అడ్డు వచ్చిందనుకోండి. 15 ఆంపియర్ల దగ్గర అది 22 వాట్ల వేడి. చిన్న సోల్డరింగ్ ఐరన్‌ని ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి రాత్రంతా ఆన్ చేసి వదిలినట్టే. ముందు పిన్ను చుట్టూ ప్లాస్టిక్ లేత గోధుమరంగుకి తిరుగుతుంది, కాస్త చేప వాసన లాంటిది వస్తుంది. అది కనిపిస్తే ఆ సాకెట్‌ని అదే రోజు మార్చేయాలి. మార్చేటప్పుడు నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్, మూడు పిన్నులది, మూతున్నది వేయించి, చార్జరుకి దానికి తగిన ప్లగ్గే వాడండి. వైరు చివర విడి పోగుల్ని అలాగే స్క్రూ కింద దూర్చకుండా లగ్గు కొట్టించండి. ఆ సాకెట్ దాకా విడిగా 4 స్క్వేర్ ఎంఎం లైను రావాలి, మధ్యలో ఇంకే పాయింటూ ఉండకూడదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు అసలు వద్దు. ఊళ్లో బంధువుల ఇంటికి వెళ్లి తప్పనిసరైతే కారు స్క్రీన్‌లో గానీ చార్జరు మీద గానీ కరెంటుని 8, 10 ఆంపియర్లకి తగ్గించి పెట్టుకోండి. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 15ని 10 చేస్తే వేడి సగానికి పైగా తగ్గిపోతుంది.

కారు చార్జ్ ఎక్కడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో ముందు చూడాల్సింది ఎర్తింగు. పెట్రోల్ బండికి ఇంటి ఎర్తింగుతో పనే లేదు. ఎలక్ట్రిక్ కారు మాత్రం మొదలుపెట్టే ముందే ఎర్తు ఉందో లేదో చూస్తుంది, లేకపోతే ఎర్ర లైటు చూపించి ఊరుకుంటుంది. మల్టీమీటరుతో మీరే చూడొచ్చు. ఫేజుకి న్యూట్రల్‌కి మధ్య 230 అనుకుంటే, ఫేజుకి ఎర్తుకి మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కి ఎర్తుకి మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. పది, ఇరవై చూపిస్తే ఎర్తు గుంట ఎండిపోయిందనో, న్యూట్రల్ వదులుగా ఉందనో అర్థం. కొంతమంది ఎలక్ట్రీషియన్లు ఎర్తు పిన్నుని న్యూట్రల్‌కి కలిపేసి, ఇప్పుడు ఎక్కుతోంది చూడండి అంటారు. దయచేసి ఒప్పుకోకండి. ఎప్పుడైనా ఆ న్యూట్రల్ తెగితే కారు బాడీ మొత్తం 230 వోల్టులతో ఉంటుంది, పిల్లలు తలుపు ముట్టుకుంటారు. మూడు మీటర్ల రాగిపూత కడ్డీ దించి, చుట్టూ తేమ పట్టి ఉంచే బెంటొనైట్ మట్టి కలిసిన పొడి నింపి, కొత్త గుంట వేయించండి. ఎర్త్ టెస్టరుతో కొలిస్తే 5 ఓమ్‌లలోపు రావాలి. హైదరాబాద్‌లో రాయి తగిలి ఒక కడ్డీతో రాకపోతే రెండోది మూడు మీటర్లు ఎడంగా వేసి కలపాలి.

ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే తనే పడిపోయి షాక్ నుంచి కాపాడే స్విచ్చు, దాని విషయంలో చాలా ఇళ్లలో తప్పు జరుగుతోంది. షాపులో 30 మిల్లీఆంపియర్లది అడిగితే ఇచ్చేది ఎక్కువగా ఏసీ (AC) రకం. కారు లోపలి చార్జరులో లోపం వస్తే లీకయ్యే కరెంటులో డీసీ కూడా ఉండొచ్చు. ఆ డీసీ ఏసీ రకం ఆర్‌సీసీబీ లోపలి ఇనుప కోర్‌ని బిగబట్టేస్తుంది. అప్పుడు నిజంగా మనిషికి షాక్ కొట్టినా అది పడదు. పెట్టె మీద బొమ్మ చూసి కొనండి. ఒక్క అల మాత్రమే ఉంటే ఏసీ రకం, దాన్ని వదిలేయండి. అల కింద సగం సగం కోసిన గుబ్బలు కూడా ఉంటే 'ఏ' (A) రకం. వాటితో పాటు అడ్డంగా ఒక తిన్నని గీత, దాని కింద తెగిన గీత ఉంటే 'బి' (B) రకం. చార్జరులోనే 6 మిల్లీఆంపియర్ల డీసీని పట్టే ఏర్పాటుంటే 'ఏ' (A) రకం చాలు, లేకపోతే 'బి' (B) రకం కావాలి. ఇంకొకటి, ఇల్లంతటికీ ఉన్న ఆర్‌సీసీబీ తర్వాత నుంచి చార్జరుకి లైను తీయకూడదు. మెయిన్ స్విచ్ దగ్గరే వేరు చేసి, దానికి సొంత ఆర్‌సీసీబీ పెట్టాలి. పిడుగుల కాలంలో కారు లోపలి బోర్డు పోతే ఖర్చు లక్షల్లో ఉంటుంది కాబట్టి పక్కనే, వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసినప్పుడు కాపాడే టైప్ 2 సర్జ్ ప్రొటెక్టరు కూడా పెట్టించేయండి.

అపార్టుమెంట్ల గురించి కొంచెం. సొంత కనెక్షన్ మీద ఇంట్లో కారు చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2024 సెప్టెంబరు మార్గదర్శకాల్లో ఉంది. కొత్త భవనాల్లో పార్కింగులో 20 శాతానికి చార్జింగు సదుపాయం ఉండాలని మోడల్ బిల్డింగ్ బైలాస్‌కి 2019లో సవరణ వచ్చింది. అసోసియేషన్‌తో మాట్లాడేటప్పుడు ఈ రెండూ చేతిలో పెట్టుకోండి. కానీ వాళ్ల భయం కూడా న్యాయమైనదే, మంటలంటే ఎవరికైనా భయమే. మీ ఫ్లాటు మీటరు నుంచే లైను వస్తుందని, ఉక్కు కవచమున్న ఆర్మర్డ్ కేబుల్ వేస్తామని, లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరు టెస్ట్ రిపోర్టు ఇస్తామని రాసి ఇస్తే చాలాచోట్ల ఒప్పుకుంటారు. సెల్లార్ పార్కింగైతే చార్జరుని నేల నుంచి మీటరున్నర ఎత్తున పెట్టించండి. వానాకాలం సెల్లార్లలో నీళ్లు నిలిచే కాలనీలు మనకి తెలుసు. లైను ఆపే స్విచ్చు కింద కాకుండా పైన, మీటర్ల గదిలో ఉండాలి.

ఖర్చు లెక్క త్వరగా చూద్దాం. నెలకి వెయ్యి కిలోమీటర్లు అంటే గోడ దగ్గర 225 యూనిట్లు. ఇంటి వాడకం మీద కలుస్తుంది కాబట్టి పై స్లాబులో పడుతుంది. యూనిట్ పది రూపాయలనుకున్నా 2,250. లీటరుకి ఏడు ఇచ్చే పెట్రోల్ స్పోర్ట్స్ కారుకి, లీటరు 107 రూపాయలనుకుంటే, పదిహేను వేలు దాటుతుంది. తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా ఎలక్ట్రిక్ కార్లకి రోడ్ టాక్స్ పూర్తిగా మినహాయించారు. ఖరీదైన కార్లకి అదే పెద్ద మొత్తం.

వాడకంలో రెండు విషయాలు. బ్యాటరీ ఏ రకమో తెలుసుకోండి. సీల్, మహీంద్రా బీఈ 6 లాంటివాటిలో ఎల్‌ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. దాని వోల్టేజీ చార్జు మారినా పెద్దగా మారదు, కాబట్టి ఎంత మిగిలిందో కారుకి తెలియాలంటే అప్పుడప్పుడు వంద దాకా నింపాలి, కంపెనీ మాన్యువల్‌లో ఎన్నాళ్లకోసారో ఉంటుంది. టైకాన్, ఈవీ6లో నికెల్ రకం. వాటిని రోజూ 80 దగ్గర ఆపండి. రెండోది ఘాట్ రోడ్డు. నూరు శాతం నిండిన బ్యాటరీ రీజెన్, అంటే వేగం తగ్గేటప్పుడు మోటారు తిరిగి పంపే కరెంటు, తీసుకోలేదు, పెడల్ వదిలితే కారు జారినట్టు పోతుంది, బ్రేకుల మీద భారమంతా పడుతుంది. విశాఖ నుంచి అరకు ఎక్కడానికి, 900 మీటర్ల ఎత్తుకి, 2,200 కిలోల కారు ఎత్తు కోసమే ఐదున్నర యూనిట్ల దాకా తింటుంది. దిగేటప్పుడు అందులో చాలా భాగం తిరిగి వస్తుంది, బ్యాటరీలో చోటుంటేనే. కాబట్టి అరకులో రాత్రి చార్జింగు దొరికినా 85 దగ్గర ఆపేయండి. సముద్రం పక్క ఊళ్లలో బ్రేక్ డిస్కులు వాడక తుప్పు పడతాయి. వారానికోసారి ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేనప్పుడు, కారు న్యూట్రల్‌లో పెట్టి నాలుగైదు సార్లు గట్టిగా బ్రేక్ కొట్టండి.

ప్రశ్నలుంటే అడగండి.

ఇన్వర్టర్ లైను మీద పెట్టొచ్చా అంటున్నారు. వద్దండీ. ఇంటి ఇన్వర్టర్ అంత లోడు మోయలేదు. పైగా కరెంటు పోయినప్పుడు చాలా ఇన్వర్టర్ల అవుట్‌పుట్‌లో న్యూట్రల్‌కి ఎర్తుతో సంబంధం ఉండదు, కారు ఎర్త్ ఫాల్ట్ అని ఆగిపోతుంది. చార్జరు లైను ఇన్వర్టర్‌కి ముందే విడిపోవాలి. సోలార్ ఉంటే మాత్రం పగలు పెట్టుకోండి, 3 కిలోవాట్ల ప్యానెళ్లు మంచి ఎండ రోజున 12 యూనిట్ల దాకా ఇస్తాయి, మీ రోజువారీ తిరుగుడికి సరిపోతుంది.

ఇంకొకరు, పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తే మూడు నెలలు కారు ఎలా వదలాలి అని అడుగుతున్నారు. పెద్ద బ్యాటరీని 50 శాతం దగ్గర పెట్టండి. ప్లగ్గు తీసేసి, గోడ దగ్గర ఎమ్‌సీబీ దించేయండి. మొబైల్ యాప్‌లో కారుని ఊరికే చూస్తూ ఉండకండి, చూసిన ప్రతిసారీ అది మేలుకుని కరెంటు తింటుంది. కారు నిలబడి ఉన్నప్పుడు కాపలా కాసే సెంట్రీ కెమెరాలు ఆపేయండి. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా 12 వోల్టుల చిన్న బ్యాటరీ పడిపోతే తలుపు కూడా తెరుచుకోదు. మెకానికల్ తాళం ఎక్కడుందో, బయట నుంచి 12 వోల్టులు ఇచ్చే చోటు ఎక్కడుందో వెళ్లేముందే చూసి, ఇంట్లో ఉండేవాళ్లకి చూపించండి. టైర్లలో గాలి తలుపు అంచున రాసిన దానికంటే నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కువ కొట్టించండి, అంత బరువున్న కారు ఒకేచోట నిలబడితే టైరు చదునవుతుంది. వచ్చాక గాలి మళ్లీ తగ్గించి, ముందు చార్జరు దగ్గర ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి పడుతుందో లేదో చూసుకుని, అప్పుడు ప్లగ్గు పెట్టండి.